రత్నత్త పంటిగాట్లు

నేను ఫిజిక్స్ చెప్తాను. చిత్తూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఏళ్లుగా అదే పని. దెయ్యం, భూతం అని ఎవరైనా మొదలుపెడితే ముందు నవ్వొస్తుంది, ఆ తర్వాత కోపమొస్తుంది. ఒకసారి హాస్టల్లో ఆడపిల్లలు పై అంతస్తు బాత్రూములో ఎవరో ఏడుస్తున్నారని హడలిపోయి కిందికి వచ్చేశారు. నేనే వెళ్లి కొళాయి వాషరు మార్పించాను. ఏడుపు ఆగిపోయింది. మా ఇంట్లో దిష్టి కూడా తీయనివ్వను. కాబట్టి ఇది చదివి, ఈవిడకు ముందునుంచే ఇలాంటి నమ్మకాలు ఉన్నట్టున్నాయి అనుకోవద్దు. లేవు. ఇప్పటికీ లేవనే అంటాను. కానీ జరిగింది జరిగినట్టు చెప్పకపోతే నాకు ఊపిరాడేలా లేదు.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. ఇదంతా జరుగుతున్నన్నాళ్లూ నాకు భయం వేయలేదు. సంతోషంగా ఉండింది. ఇంకా జరగాలి, ఆ మనిషికి బాగా జరగాలి అనుకున్నాను. ఈ సంగతి దాచి మిగతాది చెబితే అబద్ధం చెప్పినట్టే.

మా మేనత్త పేరు రత్నమ్మ. మా నాయనకు అక్క. మేము రత్నత్త అనేవాళ్లం. పెళ్లయిన కొన్నాళ్లకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. నేను పసిపిల్లగా ఉన్నప్పుడే మా అమ్మ పోయింది, నన్ను పెంచింది రత్నత్తే. కలెక్టరాఫీసు ఎదురుగా ఒక జిరాక్స్ షాపు వరండాలో చిన్న బల్ల వేసుకుని అర్జీలు రాసేది. పాసుపుస్తకంలో పేరు ఎక్కలేదని, పింఛను ఆగిపోయిందని, దాయాదులు చేను దారి మూసేశారని, పలమనేరు నుంచీ పుంగనూరు నుంచీ జనం వచ్చేవాళ్లు. ఆ వీధిలో అర్జీలు రాసే మగవాళ్లు చాలామందే ఉండేవాళ్లు. ఆడవాళ్లు మాత్రం నేరుగా అత్త బల్ల దగ్గరికే వచ్చేవాళ్లు. మగవాడి ముందు చెప్పుకోలేనివి అత్తకు చెప్పుకోవచ్చు కదా.

ఆమె రాసే పెన్ను నా చిటికెన వేలంత ఉండేది. నల్లటి ఎబొనైట్ ఇంకు పెన్ను. ఎబొనైట్ అంటే గట్టిపరిచిన రబ్బరు, పాత పెన్నులు ఎక్కువగా దానితోనే చేసేవాళ్లు. మూత నెత్తిన చిన్న రింగు ఉండేది. ఇలాంటి చిట్టి పెన్నులు ఒకప్పుడు ఆడవాళ్లు గొలుసుకు తగిలించుకునేవాళ్లట. రత్నత్త నల్లదారం కట్టి మెడలో వేసుకునేది. రాయాల్సి వస్తే మూత మెడలోనే వేలాడుతుండగా పెన్నును మాత్రం తిప్పి కిందికి లాగేది. తాళి ఉండాల్సిన చోట పెన్ను వేలాడేసుకుని తిరుగుతోందని మా వీధి ఆడవాళ్లు ఆమె వినేలాగే అనేవాళ్లు. అత్త విననట్టే వెళ్లిపోయేది.

విన్నదని నాకు తెలుసు. ఎందుకంటే ఆ రోజు సాయంత్రం పెన్ను కొరుకుతూ కూర్చునేది. అత్తకు కోపమొస్తే నోరు పెగిలేది కాదు. పెన్ను వెనక చివర పళ్ల మధ్య పెట్టుకుని నొక్కేది. ఎవరో ముసలామె తన కొడుకే తనను గెంటేశాడని చెప్పుకుంటూ ఉంటే, అత్త మాట్లాడకుండా పెన్ను కొరుకుతూ వినేది. ఆఫీసులో గుమాస్తా కసిరితే బయటికొచ్చి పెన్ను కొరికేది. పై వరుసలో ఎడమవైపు ఆమెకు పన్ను మీద పన్ను. అందుకని పెన్ను చివర రెండు గీతలు, వాటి పక్కనే లోతుగా ఒక గుంట పడ్డాయి. ఏళ్ల తరబడి అదే చోట కొరికీ కొరికీ వేలితో తడిమితే తెలిసేంత లోతుగా పడ్డాయి.

ఆ పన్ను కనపడుతుందని అత్త ఫోటోల్లో ఎప్పుడూ నోరు బిగించుకునే ఉండేది. ఆమె పోయాక ఆ ఫోటోలు చూస్తే నాకు ఎవరో బంధువుల ఇంటి పెద్దావిడను చూస్తున్నట్టు ఉండేది. నాకు తెలిసిన అత్త ఆ పెన్ను చివరే ఉంది. మనసు బాగోకపోతే పెన్ను తీసి ఆ గాట్ల మీద బొటనవేలు పెట్టుకుని కూర్చునేదాన్ని. నాకు ఆమె ఆనవాలు అనిపించేది అదొక్కటే. ఇది అర్థం కాకపోతే తర్వాత నాకొచ్చిన కోపం ఎవరికీ అర్థం కాదు.

ఆ పెన్ను పుణ్యమా అని నాకూ చిట్టి పెన్నుల పిచ్చి పట్టింది. యాడైనా పాత సామాన్ల కొట్టు కనపడితే కాలు అటే లాగేది. కానీ అసలైన పిచ్చి దామోదరం బావది.

బావంటే మా పెదనాయన కూతురు సరోజక్క భర్త. తిరుపతిలో ఇంటి ముందు భాగంలోనే ఫ్యాన్సీ సామాన్ల కొట్టు. కొట్టు వెనక గదిలో గాజు బీరువా, అందులో నల్ల వెల్వెట్ మీద వందకు పైగా చిట్టి పెన్నులు. కొన్నయితే అగ్గిపుల్ల కంటే కాస్త పెద్దవి, అయినా పాళీ, మూత, సిరా తిత్తి అన్నీ ఉంటాయి, చక్కగా రాస్తాయి. చెన్నైలో, వేలూరులో, తడ దగ్గర పాత ఇనుము కొట్లలో కూడా వెతికి తెచ్చుకున్నాడు. మా ఇద్దరికీ ఒకే పిచ్చి ఉన్నా ఒక్క విషయంలో అస్సలు పడదు. పాతది పాతగానే ఉండాలని నేనంటాను. బావకు ప్రతిదీ కొట్లో కొత్తగా కొన్నట్టు మెరవాలి. గీత ఉంటే అరగదీస్తాడు, ఎవరో తన పేరు చెక్కించుకుని ఉంటే దాన్నీ అరగదీస్తాడు. అందుకోసం చిన్న పాలిష్ మోటారు కూడా పెట్టుకున్నాడు. అది గుయ్యిమని మొదలైతే సరోజక్కకు తలనొప్పి మొదలవుతుంది.

తమిళనాడు పక్కనే ఉన్నవాళ్లం కాబట్టి మా వైపు దసరాల్లో సరస్వతీ పూజ గట్టిగా చేస్తాం. ఆ రోజు పుస్తకాలూ పెన్నులూ పూజలో పెట్టేస్తే, మరునాడు విజయదశమి పొద్దున పూజ ఎత్తేదాకా ముట్టుకోకూడదు. చదవకూడదు, రాయకూడదు. బావ ఏటా ఆ రోజు తన పెన్నులన్నీ బొమ్మల కొలువులాగా మెట్లు కట్టి పేరుస్తాడు. ఒక్కొక్కదానికీ చిన్న కుంకుమ బొట్టు. ఊళ్లో పెన్నుల పిచ్చి ఉన్నవాళ్లంతా చూడటానికి వస్తారు, సరోజక్క అందరికీ సుండలు, అంటే తాలింపు శనగలు, పెడుతుంది.

అటు ముందటేడు దసరాకు బావ ఫోన్ చేశాడు. మూతకు రింగున్న పెన్ను తన దగ్గర లేదని, అత్త పెన్ను ఆ ఒక్కరోజు కొలువులో పెట్టుకుంటానని అడిగాడు. కుదరదన్నాను. సరోజక్క ఫోన్ లాక్కుని, అత్త పెన్ను మా ఇంటికీ ఒక్కసారి రానీ గిరిజా అని బతిమాలింది. ఆమెకూ మేనత్తే కదా, కాదనలేకపోయాను. బావ చిత్తూరు వచ్చి తీసుకెళ్లేటప్పుడు ఒకటికి రెండుసార్లు చెప్పాను, ఆ పంటిగాట్ల జోలికి వెళ్లొద్దని.

"నీ పెన్నును నేనేం జేస్తా మే? అట్లే పెట్టి అట్లే ఇస్తా" అన్నాడు. మా వైపు ఆడపిల్లను మే అనే పిలుస్తారు.

పూజ రోజు సాయంత్రం తిరుపతి వెళ్లాను. కొలువు ముందు నిలబడి నా పెన్ను కోసం వెతికాను. కనపడలేదు. మళ్లీ మొదటినుంచీ వెతికితే రెండో మెట్టు మీద రింగున్న మూత కనిపించింది. దాని పక్కన ఉన్న పెన్ను కొత్త పెన్ను. నల్లగా, తళతళమని, ముఖం కనపడేటట్టు ఉంది. వంగి చివర చూశాను. గీతల్లేవు, గుంట లేదు. గోలీ అంత నున్నగా ఉంది.

 బావ వెనకే నిలబడి నేను మెచ్చుకుంటానని చూస్తున్నాడు. వచ్చినవాళ్లల్లో ఒకాయన, ఎంత బాగా తీశారండీ, ఆనవాలే లేదు అని పొగుడుతున్నాడు. ఎందుకు చేశావని అడిగాను. బావకు నా ప్రశ్నే అర్థం కాలేదు.

"ఎంగిలి పెన్ను అమ్మోరి ముందర ఎట్ల పెడతారు మే? నోట్లో పెట్టుకోని కొరికిండేది గదా. నీకు మంచే చేసినాను. సూడు, ఎట్ల మెరస్తా ఉండాదో."

నిజం చెప్పాలంటే ఆయనలో కల్మషం లేదు. ఎంగిలి వస్తువు పూజలో పెట్టకూడదన్నది మన ఇళ్లల్లో పసిపిల్లలకు కూడా తెలుసు. అదే నాకు మరీ మంట పుట్టించింది. కావాలని చేసిన వాడిని తిట్టొచ్చు, కొట్టొచ్చు. ఈయన మంచి చేశాననుకుని మా అత్తను గీకి చెత్తబుట్టలో పడేశాడు. చెప్పి మరీ ఇచ్చాను కదా బావా అంటే, ఒక పెన్నుకు ఇంత రాద్ధాంతమా అని నవ్వాడు. నలుగురూ నవ్వారు.

నా నోటికి అడ్డూ ఆపూ లేకపోయింది. అందరి ముందే అనేశాను.

"ఆయమ్మ జన్మంతా మింగిన కోపం బావా అది. నువ్వు గీకేసినంత మాత్రాన యాడికీ పోదు. నీ పెన్నుల మీదికే వస్తాది, సూస్తా ఉండు."

ఒళ్లు మండి అన్న మాట. నీ చేతులు విరిగిపోను అంటామే, అలాంటిదే. అందులో నమ్మకం ఏమీ లేదు. పెన్ను తీసుకుని ఆ క్షణమే వచ్చేసేదాన్ని గానీ, పూజలో పెట్టిన దాన్ని తెల్లారేదాకా కదపకూడదని సరోజక్క కాళ్లావేళ్లా పడింది. ఉండిపోయాను. బావ కొలువున్న వెనక గది తలుపుకు తాళం వేసి తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. ఏటా అలాగే చేస్తాడు. గదికి కిటికీ లేదు. నేను అక్క పక్కనే పడుకున్నాను.

పొద్దున బావ స్నానం చేసి తాళం తీశాడు. ముగ్గురం కలిసే లోపలికి వెళ్లాం. హారతి ఇచ్చి పూజ ఎత్తాక ఏటా చేసినట్టే తనకు ప్రాణమైన పెన్నుతో శ్రీ అని రాయబోయాడు. అది చిలకపచ్చ రంగు సెల్యులాయిడ్ పెన్ను, అంటే పాతకాలం ప్లాస్టిక్, వేలెడంత ఉంటుంది, దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వడు. చేతిలోకి తీసుకున్నాడు, అలాగే ఆగిపోయాడు.

వెనక చివర రెండు గీతలు. పక్కన లోతుగా గుంట.

ఆయన మొదట నా వైపు చూశాడు. కసి తీర్చుకోవడానికి నేనే కొరికానన్నాడు. తాళంచెవి నీ మొలకే ఉంటే నేనెలా వెళ్తానని అడిగితే, తాళం వేయక ముందే కొరికి ఉంటావన్నాడు. నన్ను కుక్కను చేస్తావా అని నేను అరిచాను. ప్రసాదం పళ్లెంలో జామకాయ ఉంటే తీసి గట్టిగా కొరికి ఆయన ముందు పెట్టాను. నా పళ్లు వరసగా ఉంటాయి, చిన్నప్పుడు క్లిప్పు పెట్టించారు. కాయ మీద గాటు అరచందమామలా పడింది. పెన్ను మీద గాటు అలా లేదు.

సరోజక్క పెన్ను తీసుకుని వెలుతురులో తిప్పి చూసింది. చూసి మెల్లగా నేల మీద కూర్చుండిపోయింది.

"ఇది రత్నత్త పన్ను గదా" అంది.

అక్కాచెల్లెళ్లు కలిసి నాటకమాడుతున్నారని బావ మమ్మల్నిద్దరినీ తిట్టి, పెన్ను పట్టుకెళ్లి మోటారు వేశాడు. నేను నా పెన్ను తీసుకుని వచ్చేశాను. బస్సులో పూతలపట్టు దాటేదాకా ఏడుస్తూనే ఉన్నాను. దుఃఖం కాదు, ఉడుకుమోత్తనం. వేలు పెట్టిన చోటల్లా నున్నగా తగులుతుంటే ఆ మనిషిని ఏం చేయాలో తెలియలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు అక్క ఫోన్ చేసింది. ఇంకో రెండు పెన్నుల మీద గాట్లు వచ్చాయట. బావ వాటిని అరగదీస్తే వేరే వాటి మీద వచ్చాయట. బీరువాకు రెండో తాళం వేశాడు. కొట్లో ఉన్న కెమెరాను వెనక గదిలోకి మార్పించి బీరువా వైపు తిప్పించాడు. ఆ వీడియోలు నేను కూడా చూశాను. మూసిన బీరువా మూసినట్టే ఉంటుంది, ఎవరూ రారు, ఏదీ కదలదు. మరునాడు తెరిస్తే ఒకదాని మీద గాట్లు ఉంటాయి.

నేను ఫిజిక్స్ మనిషినే కాబట్టి ఆలోచించకుండా ఉండలేదు. ఎబొనైట్‌కు ఒక గుణం ఉంది, సెల్యులాయిడుకూ అంతే. వాటి మీద పడ్డ నొక్కును వేడి చేసి పైకి లేపొచ్చు, ఆ తర్వాత ఎప్పుడో అది మళ్లీ కిందికి దిగనూ వచ్చు. ఇవన్నీ పాత పెన్నులే. పాత యజమానులు కొరికి ఉంటారు, అమ్మేవాళ్లు సరిచేసి అమ్మి ఉంటారు, బావ మోటారు వేడికి ఆ నొక్కులు మళ్లీ బయటపడి ఉంటాయి. ఇదే అక్కకు ఫోన్లో చెప్పాను. చెప్తున్నప్పుడు బాగానే ఉంది. కానీ అంతమంది యజమానులకూ ఎడమవైపు పన్ను మీద పన్ను ఎలా ఉంటుంది? అక్క వెంటనే ఈ ప్రశ్నే అడిగింది. ఆ మధ్యలోనే ఒక వెండి పెన్ను మీద కూడా గాట్లు వచ్చాయి. వెండికి అలాంటి గుణం ఏదీ లేదు.

నిజానికి జవాబు కోసం నేను పెద్దగా తాపత్రయపడలేదు కూడా. అక్క ఫోన్ వస్తే చాలు, ఈసారి ఏది అని అడిగేదాన్ని. ఏ పెన్నో చెబితే ఆ పూట అన్నం ఒక ముద్ద ఎక్కువే తినేదాన్ని. కానియ్యి అత్తా, ఇంకా కొరుకు అని మనసులో అనుకునేదాన్ని.

చివరి రోజుల్లో రత్నత్తకు కింది వరుస పళ్లు కట్టించాం. అప్పుడు డాక్టరు పై వరుసకు కూడా తెల్లటి పిండితో అచ్చు తీశాడు. ఆ అచ్చును అత్త ఇంటికి తెచ్చుకుని కిటికీలో కాగితాలు ఎగరకుండా పెట్టుకుంది. అది నా దగ్గరే ఉంది. ఆ సంగతి గుర్తొచ్చి, గాట్లున్న పెన్ను ఒకటి తీసుకురమ్మని బావకు కబురు పెట్టాను. రాడనుకున్నాను. ఒక మధ్యాహ్నం వెండి పెన్నును చేతిరుమాల్లో చుట్టుకుని వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు.

మా భోజనాల బల్ల మీద అచ్చును తిరగేసి పెట్టి, పెన్ను చివరను ఆ పళ్లకు ఆనించాను. గీతల్లో ముందు పళ్లు కూర్చున్నాయి. గుంటలో ఆ పైపన్ను మొన దిగింది. చెయ్యి వదిలేశాను. పెన్ను జారలేదు, అలాగే నిలబడింది. బావ నుదురంతా చెమట పట్టింది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

కానీ కొట్టలేదు. ఎందుకంటే ఆ క్షణంలో నాకు ఇంకోటి తోచింది. ఆ వెండి పెన్ను చివర మా అత్త ఉంది. నా దగ్గర చెరిగిపోయినదంతా అక్కడ ఉంది. ఇన్నాళ్ల కోపం పక్కన పెట్టి అడిగాను.

"ఈ ఒక్కటి నాకియ్యి బావా. ఇంకేం అడగను."

ఆయన ఇవ్వలేదు. పెన్నును మళ్లీ చేతిరుమాల్లో చుట్టుకున్నాడు. ఇది నీకిస్తే నేను తప్పు చేసినట్టు ఒప్పుకున్నట్టే కదా అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ మనిషి తప్పు చేశానని ఎవరికీ చెప్పి ఎరగడు, పెళ్లాంతో సహా. గేటు దాకా వెంటపడి అడిగాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, చెయ్యి పట్టుకుని బతిమాలాను. విదిలించుకుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే ఇంటికి చేరగానే మోటారు వేశాడని అక్క చెప్పింది.

ఆ రోజునుంచి నా కోపానికి హద్దు లేకుండా పోయింది. అంతకుముందు ఆయన పెన్నులు పాడవాలనుకున్నాను. ఇప్పుడు ఆ చేతులే పడిపోవాలని తిట్టుకున్నాను. పాఠం చెబుతూ కూడా మధ్యలో గుర్తొచ్చి పళ్లు కొరికేదాన్ని.

నా పెన్ను సంగతి కూడా చెప్పాలి. రోజూ పొద్దున లేవగానే దాని చివర చూసుకునేదాన్ని. అన్నింటి మీదా వస్తున్నాయి కదా, దీని మీద రాకపోతాయా అని. రాలేదు. వేడినీళ్లలో పెడితే నొక్కు పైకి తేలుతుందేమోనని ఆశపడి పెట్టాను. బావ అరగదీసేశాడు కాబట్టి తేలడానికి అక్కడ ఏమీ లేదని తెలిసి కూడా పెట్టాను. నలుపు పోయి పాచి రంగుకు తిరిగింది, అంతే. ఒకరోజు ఆ పెన్నును పట్టుకుని, ఆయనవి అన్నీ కొరికావు, నాది ఒక్కటీ కొరకవేం అత్తా అని గట్టిగానే అడిగాను. దిష్టి కూడా తీయనివ్వని నేను.

అక్క తిరుచానూరు వెళ్లి అమ్మవారికి మొక్కుకుంది. నాకు ఫోన్ చేసి, ఆ రోజు అన్న మాట వెనక్కి తీసుకోమని ఏడ్చింది. ఆయనను ముందు తప్పయిందని ఒక్క మాట అనమను, అప్పుడు చూద్దామన్నాను. ఆయన అనలేదు. నేనూ తగ్గలేదు. అరగదీసీ అరగదీసీ పెన్నులు సన్నబడిపోతున్నాయని, ఒకటి చేతిలోనే విరిగిపోయిందని అక్క చెప్పింది. చూడటానికి వచ్చేవాళ్లు కూడా మానేశారు. ఇక లాభం లేదని, మిగిలినవన్నీ చెన్నైలో ఒక వ్యాపారికి అమ్మేయడానికి బావ మాట్లాడుకున్నాడు.

ఆ వ్యాపారి రావడానికి ముందురోజు మిట్టమధ్యాహ్నం, గాట్లున్న చివరి రెండు మూడు పెన్నులను బావ మోటారు దగ్గర కూర్చుని అరగదీస్తున్నాడు. కరెంటు పోయింది. మోటారు ఆగిపోయింది. అక్క మజ్జిగ గ్లాసు తీసుకుని అప్పుడే ఆ గదిలోకి వచ్చింది. ఆగిన మోటారు ముందు బావ ఊరికే కూర్చుని ఉన్నాడట, కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని. అక్క చూస్తుండగానే కెవ్వుమని అరిచి చెయ్యి పైకెత్తాడు. బొటనవేలు కింద కండలోంచి రక్తం కారుతోంది. గదిలో వాళ్లిద్దరే ఉన్నారు. ఇద్దరి మధ్యా బారెడు దూరం ఉంది.

ఆసుపత్రిలో డాక్టరు కడిగి చూసి, ఇది మనిషి కాటేనని చెప్పి, ఎవరు కొరికారని అడిగాడట. అడుగుతూ సరోజక్క వైపు చూశాడట. ఇంజెక్షన్ వేసి, ఇంట్లో గొడవలు ఉంటే మాట్లాడుకుని తీర్చుకోవాలని ఇద్దరికీ బుద్ధి చెప్పి పంపించాడట. ఈ ముక్క చెప్పేటప్పుడు అక్క అంత బాధలోనూ నవ్వింది.

నాకు మాత్రం ఫోన్ పెట్టేశాక ఒకటే మాట వచ్చింది. బాగా అయింది. ఆ మాట పైకే అన్నాను.

పెన్నులు చెన్నై వెళ్లిపోయాయి. ఆ తర్వాత ఆ ఇంట్లో మళ్లీ ఏ వస్తువు మీదా గాటు పడలేదు. నేను చాలా రోజులు అటు వెళ్లలేదు. కట్టు విప్పారని తెలిశాక వెళ్లాను. పరామర్శకు వెళ్లాననుకుంటే పొరపాటు. చూసి కళ్లు చల్లబరుచుకుందామని వెళ్లాను. ఏం చెప్పాలో బస్సులో కూర్చుని వరసగా అనుకున్నాను కూడా.

బావ కొట్లో గల్లా దగ్గర ఉన్నాడు. వెనక గది తలుపు తెరిచే ఉంది, గాజు బీరువా ఖాళీగా ఉంది. చెయ్యి చూపించమన్నాను. గాజు బల్ల మీద అరచెయ్యి తెరిచి పెట్టాడు.

బొటనవేలు కింద రెండు గీతలు. పక్కన గుంట.

అనుకున్నవన్నీ మర్చిపోయాను. వేలు పెట్టి చూశాను. అదే లోతు, అదే వంపు. గుంట దగ్గర అంచు కాస్త పైకి లేచి ఉంటుంది, అది కూడా అలాగే ఉంది. వేలు తీయలేకపోయాను. ఎవరో గాజులు కొనడానికి వచ్చి, మమ్మల్ని చూసి బయటే ఆగిపోయారు. నేను స్టూలు లాక్కుని కూర్చుని ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాను. నాకు లోకంలో అందరికంటే పగవాడైన మనిషి చెయ్యి అది. కళ్లనీళ్లు దాని మీదే పడుతున్నాయి. లోపలనుంచి సరోజక్క వచ్చి నా పక్కన నిలబడి తనూ వేలు పెట్టింది.

బావ మొహం పక్కకు తిప్పుకున్నాడు. అటే చూస్తూ అన్నాడు.

"సూసుకో మే. ఎంతసేపైనా సూసుకో."

తప్పయిందని ఇప్పటికీ అనలేదు. నేనూ క్షమించలేదు, క్షమించే ఉద్దేశం కూడా లేదు.

ఇది జరిగి ఏడాది దాటింది. చర్మం ఎబొనైట్ కాదు. గాయం మానితే గుంట పూడాలి, మచ్చ పలచబడాలి. తిరుపతిలో చర్మం డాక్టరుకు చూపిస్తే ఆయన కూడా అదే అన్నాడు, ఇంకా ఎందుకు పూడలేదో తెలియడం లేదన్నాడు. నాకూ తెలియదు. మూసిన బీరువాలో పెన్నులను ఎవరు కొరికారో, ఆగిన మోటారు ముందు ఆ కాటు ఎలా పడిందో, నేను చదువుకున్న చదువులో ఎక్కడా లేదు. ఎవరైనా వివరిస్తే వింటాను, కాదనను.

నెలకోసారైనా తిరుపతి వెళ్తాను. నేను మెట్లెక్కగానే బావ అడగకుండానే చెయ్యి బల్ల మీద పెడతాడు. పోయిన నెల ఆయనకు షుగరు బయటపడిందని, చేతికి చిన్న దెబ్బ తగిలినా ప్రమాదమని అక్క చెప్పింది. ఆ రోజు చిత్తూరు బస్సెక్కలేదు. తిరుచానూరు వెళ్లాను. పడిపోవాలని నేనే తిట్టుకున్న ఆ చెయ్యి నూరేళ్లు చల్లగా ఉండాలని అమ్మవారికి మొక్కుకుని వచ్చాను.